నల్ల పిల్లి మీద ఇన్ని మాటలు ఎక్కడివి?

ఆగస్టు 17న చాలా దేశాల్లో నల్ల పిల్లుల దినం జరుపుకుంటారు. బ్రిటన్‌లో అయితే అదే పని అక్టోబర్ 27న చేస్తారు. ఆ రోజుల్లో ఫోన్ తెరిస్తే నిగనిగలాడే నల్ల పిల్లుల ఫోటోలే. వాటిని చూసి ముచ్చటపడ్డవాళ్లే, హనుమకొండలోనో జగిత్యాలలోనో ఎవరింట్లోనో పిల్లి పిల్లలు పెట్టిందని తెలిసి ఒకదాన్ని తెచ్చుకోవడానికి వెళ్తారు. చారల దాన్ని ఎత్తుకుంటారు, తెల్ల మచ్చల దాన్ని ఎత్తుకుంటారు. నల్లది చివరికి మిగులుతుంది. "ముద్దుగనే ఉంది గని, మా అత్తమ్మ ఊకోదు" అనేది మామూలుగా వినిపించే మాట.

అత్తమ్మ ఎందుకు ఊకోదని అడిగితే జవాబు ఒక్కటే: అపశకునం. నిజానికి ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు చిక్కుపడి ఉన్నాయి. పిల్లి దారికి అడ్డం రావడం గురించి మన పాత శకునం ఒకటి. నలుపు రంగు మీద మనకున్న భయభక్తులు రెండోది. పడమటి దేశాల నుంచి కథల్లో, సినిమాల్లో వచ్చిన మంత్రగత్తె పిల్లి మూడోది. ఈ మూడింటినీ విడదీస్తే, నల్ల పిల్లిని ఇంట్లో పెంచుకోకూడదని చెప్పేది మొదటి రెండింటిలో ఎక్కడా కనిపించదు. మూడోది మనది కాదు.

## పాత శకునంలో పిల్లి ఉంది, రంగు లేదు

బయల్దేరేటప్పుడు కంటబడ్డదాన్ని, చెవిన పడ్డదాన్ని బట్టి పని అవుతుందా కాదా అని అంచనా వేయడమే శకునం చూడటం. 6వ శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలోనే జంతువుల, పక్షుల శకునాల మీద అధ్యాయాలున్నాయి. ఊళ్లలో నోటి మాటగా నడిచే జాబితా దానికంటే చాలా చిన్నది. తుమ్ము, ఖాళీ బిందె, కట్టెల మోపు, పిల్లి చెడ్డవి. నిండు బిందె, దూడతో ఉన్న ఆవు, ముత్తైదువ మంచివి. గడప దాటుతుంటే పిల్లి అడ్డమొస్తే "జరసేపు కూసోని మంచినీళ్లు తాగి పో బిడ్డా" అంటారు. విరుగుడు కూడా అంతే, ఒక గ్లాసు నీళ్లు.

ఇందులో రెండు విషయాలు గమనించాలి. పిల్లి అడ్డమొచ్చిందంటారే తప్ప ఏ రంగు పిల్లి అని మామూలుగా ఎవరూ అడగరు. చారల పిల్లి వచ్చినా ఆగుతారు, తెల్లది వచ్చినా ఆగుతారు. ఇక ఈ శకునం ప్రయాణానికి సంబంధించింది, పెంపకానికి కాదు. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లకు అది వంటింటికీ వాకిలికీ మధ్య రోజుకు యాభై సార్లు అడ్డమొస్తుంది. ప్రతిసారీ కూర్చుంటే డ్యూటీకి పోయేదే ఉండదు.

వరంగల్ పాత బీట్ బజార్ వైపు పప్పుల గోదాముల్లో ఇది కళ్లారా కనిపిస్తుంది. ఒక దుకాణం షట్టర్‌కు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దండ గుచ్చి కట్టి ఉన్నాయి. ఆ పక్కనే దిష్టిబొమ్మ. వాటి కిందే గోనె సంచుల మీద ఓ నల్ల పిల్లి చుట్ట చుట్టుకుని పడుకుంది. వీపు మీద శనగపిండి దుమ్ము పడి బూడిద రంగులోకి తిరిగింది. పొద్దున్నే షట్టర్ తీయగానే ఇది అడ్డమొస్తే ఎట్లా అని సేటును అడిగితే, "ఇది మన పిల్లే గద సార్, అడ్డమొస్తే ఎలుకకే చెడ్డది" అన్నాడు. దిష్టిని నమ్మే మనిషే అతను. కానీ దారిన పోయే పిల్లి వేరు, సొంత పిల్లి వేరు అనే తేడా అతనికి తెలుసు.

ఈ శకునం ఎందుకు పుట్టిందో చెప్పే ఒక వివరణ వాట్సాప్‌లో బాగా తిరుగుతుంది. పూర్వం రాత్రిపూట బండ్ల మీద పోయేటప్పుడు చీకట్లో మెరిసే పిల్లి కళ్లను చూసి ఎడ్లు బెదిరేవట. అందుకని కాసేపు ఆపేవారట. అదే ఆచారమైందట. కళ్లు మెరవడం నిజమే. పిల్లి కంటిలో రెటీనా వెనకాల అద్దంలాంటి పొర ఉంటుంది, పడిన వెలుతురును అది తిప్పి పంపుతుంది. కానీ నక్క కంట్లోనూ ఆ పొర ఉంటుంది, అవీ అలాగే మెరుస్తాయి. మరి నక్క ఎదురైతే అదృష్టమంటాం. మంచి జరిగినవాణ్ణి "నక్క తోక తొక్కొచ్చిండు" అంటాం. ఎడ్లకు పిల్లి కళ్లంటే భయం, నక్క కళ్లంటే ఇష్టం అని చెప్పలేం కదా. ఆచారానికి సైన్సు తొడుగు వేసే ఇలాంటి వివరణలు వినడానికి బాగుంటాయి. రుజువు అడిగితే ఏమీ ఉండదు.

ఇదే పిల్లితో ముడిపడి దీనికి పూర్తిగా ఎదురు నమ్మకం కూడా మన మధ్యే ఉంది. పిల్లి ఈనినప్పుడు పడే మాయను ఎండబెట్టి పసుపు రాసి బీరువాలో దాస్తే డబ్బు నిలుస్తుందంటారు. ఆ మాయను తల్లి పిల్లి మామూలుగా తానే తినేస్తుంది, అందుకే దొరకదు. దొరకదు కాబట్టే దానికి విలువ, దాని పేరుతో మోసాలు. అంటే ఎదురొస్తే దరిద్రం, మాయ దొరికితే లక్ష్మి. ఒకే పిల్లి.

శకునాల జాబితాలో భర్త చనిపోయిన ఆడవాళ్లను కూడా పెట్టారని మరిచిపోకూడదు. పెళ్లిలో, ప్రయాణంలో వాళ్లు ఎదురు రాకుండా గదిలో కూర్చోబెట్టిన ఇళ్లు ఎన్నో. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ పని చేయడానికి సిగ్గుపడతారు. జాబితా మార్చరానిది కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

## మంత్రగత్తె పక్కన కూర్చున్న పిల్లి పరాయిది

నల్ల పిల్లి అంటే దుష్టశక్తి అనే కచ్చితమైన జోడింపు మధ్యయుగపు ఐరోపాది. 1233లో పోప్ తొమ్మిదో గ్రెగరీ జర్మనీలోని మతాధికారులకు, రాజులకు ఒక ఉత్తరం రాశాడు. వోక్స్ ఇన్ రామా అని దాని పేరు. మతద్రోహులు రహస్యంగా చేసే పూజలంటూ అందులో వర్ణించిన తంతులో ఒక నల్ల పిల్లి వస్తుంది. తర్వాతి శతాబ్దాల్లో మంత్రగత్తెల మీద విచారణలు జరిగిన కాలంలో పిల్లి ఆ స్త్రీలకు తోడుండే భూతమనే నమ్మకం బలపడింది.

దీనికి ఒక కొసరు కథ తగిలించి చెబుతుంటారు. పోప్ ఉత్తరంతో ఐరోపాలో పిల్లులన్నిటినీ చంపేశారని, ఎలుకలు పెరిగి 14వ శతాబ్దపు ప్లేగు వచ్చిందని. ఉత్తరం ఉన్నమాట నిజం. కానీ అందులో పిల్లులను చంపమన్న ఆజ్ఞ లేదు. ఐరోపా అంతటా పిల్లులను తుడిచిపెట్టారనడానికి ఆధారాలూ లేవు. ప్లేగు ఉత్తరం తర్వాత వందేళ్లకు పైగా గడిచాక వచ్చింది. పిల్లుల తరఫున మాట్లాడేవాళ్లు కూడా ఈ కథను ఇష్టంగా వాడతారు గానీ, ఒక పుకారును ఇంకో పుకారుతో కొట్టడం పద్ధతి కాదు.

పడమటి దేశాలన్నీ ఒకే మాట మీద లేవు కూడా. బ్రిటన్‌లో నల్ల పిల్లి ఎదురైతే అదృష్టమనే నమ్మకం బాగా ఉంది. ఓడల మీద నల్ల పిల్లి ఉంటే మంచిదని నావికులు అనుకునేవారు. జపాన్‌లో చెయ్యి ఊపుతూ పిలిచే పిల్లి బొమ్మల్లో నల్లది చెడును తరిమేదట, మనం కాలికి కట్టుకునే నల్ల దారంలాగే. ఒకే జంతువు ఒక దేశంలో కీడు, పక్క దేశంలో మేలు. నిజంగా దాని ఒంట్లో ఏదైనా శక్తి ఉంటే సరిహద్దు దాటగానే గుణం మారదు.

మన పిల్లలకు ఈ మంత్రగత్తె పిల్లి కార్టూన్ల నుంచి, దయ్యం సినిమాల నుంచి వచ్చింది. తలుపు కిర్రుమంటుంది, నల్ల పిల్లి దూకుతుంది, హీరోయిన్ కెవ్వుమంటుంది. "పిల్లి అడ్డమొచ్చింది" అనే పాత మాట ముందు "నల్ల" అనే విశేషణం ఇంత బలంగా కూర్చోవడంలో ఆ దృశ్యాల పాత్ర చిన్నది కాదని నా అంచనా.

## బర్రెకు లేని దోషం

నలుపు మన దగ్గర మంచిదా చెడ్డదా అంటే ఒక్క మాటలో చెప్పలేం. శుభకార్యానికి నల్ల చీర కట్టనివ్వరు. కానీ పెళ్లయినామె మెడలో నల్లపూసలు ఉండాల్సిందే. పసిపిల్ల బుగ్గ మీద కాటుక చుక్క, మొలకు నల్ల దారం, కొత్త బండి బంపర్‌కు నల్ల తాడు. శనిదేవుడికి నల్ల నువ్వులు. నల్ల పోచమ్మ గుడి లేని ఊరు మన వైపు వెతకాలి, ఆమె పేరులోనే నలుపు ఉంది. రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక జనం బస్సులు కట్టుకుని పాలంపేటకు వెళ్లి చూస్తున్న మదనికలు నల్లరాతి శిల్పాలే. ఇక గోదావరిఖని, భూపాలపల్లిలో ఇల్లు గడిచేదే నల్ల బంగారంతో.

జంతువుల్లోనూ అంతే. నల్ల కుక్క కాలభైరవుడి వాహనమని వెతికి మరీ రొట్టె పెడతారు. కడక్‌నాథ్ కోడి మాంసం, ఎముక దాకా నల్లగా ఉంటుందని మామూలు కోడి కంటే ఎక్కువ ధర పెట్టి కొంటారు. ముర్రా బర్రె ఎంత నల్లగా నిగనిగలాడితే అంత మురిసిపోతాం. కర్ణాటకలోని కబిని అడవిలో నల్ల చిరుత కనిపిస్తే ఫోటోల కోసం జీపులు క్యూ కడతాయి. ఏళ్ల తరబడి పెద్ద నాయకుల చుట్టూ కాపలా ఉన్న ఎన్‌ఎస్‌జీ కమాండోలను బ్లాక్ క్యాట్స్ అనే పిలుస్తాం. వాళ్లు ఎదురొస్తే ప్రయాణం ఆపుకున్న నాయకుణ్ణి నేనైతే వినలేదు.

పిల్లి విషయంలో దేశంలో ఇతర చోట్ల మాటలు వేరుగా ఉన్నాయి. బెంగాల్లో బిడ్డలను కాపాడే షష్ఠీదేవి వాహనం పిల్లి. అక్కడి వ్రతకథలో చిన్న కోడలు వంటింట్లో తాను దొంగతనంగా తిని నల్ల పిల్లి మీద చెబుతుంది. చెయ్యని నేరం మోపినందుకు ఆ పిల్లి ఆమె బిడ్డలను ఎత్తుకుపోతుంది. ఆమె తప్పు ఒప్పుకున్నాకే బిడ్డలు దక్కుతారు. శ్రీవైష్ణవుల్లో ఒక శాఖవారు శరణాగతిని వివరించడానికి మార్జాల కిశోర న్యాయం చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుంటుంది, పిల్లిపిల్లను మాత్రం తల్లే నోట కరుచుకుని మోస్తుంది. దేవుడూ భక్తుణ్ణి అలాగే మోస్తాడని. ముస్లిం ఇళ్లలో పిల్లి అపవిత్రం కాదు, అది మీ మధ్య తిరిగేదేనని ప్రవక్త అన్నట్టు హదీసుల్లో ఉంది. ఆయన సహచరుడు అబూ హురైరా పేరుకు అర్థమే పిల్లికూన తండ్రి అని. వరంగల్ మండిబజార్‌లో, కరీంనగర్ పాత వీధుల్లో ఒక ఇంటి గడప మీద పిల్లి హాయిగా కూర్చుంటే, పక్కింటివాళ్లు దాన్ని చూసి స్కూటర్ ఆపే దృశ్యం కొత్తేమీ కాదు.

## "కానీ మాకు నిజంగానే జరిగింది" అనేవాళ్ల లెక్క

నమ్మకం నిలబడేది శాస్త్రాల మీద కాదు, అనుభవం మీద. "ఆ రోజు పిల్లి అడ్డమొచ్చింది, పోతే ఆఫీసర్ లేడు, పని కాలే." ఇది అబద్ధం కాదు. అయితే లెక్క పూర్తిగా వేయాలి. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం.

కాజీపేటలో ఉండే ఒకాయన ఏడాదిలో 300 రోజులు పని మీద బయటికి వెళ్తాడనుకుందాం. పది రోజులకు ఒకసారి పిల్లి అడ్డమొస్తుంది, అంటే 30 రోజులు. ఐదు రోజులకు ఒకసారి ఏదో ఒక చికాకు ఉంటుంది. బస్సు పోతుంది, టైర్ పంక్చర్ అవుతుంది, సర్వర్ పని చేయదు. అంటే 60 రోజులు. పిల్లికీ చికాకుకూ ఏ సంబంధం లేకపోయినా, పిల్లి వచ్చిన 30 రోజుల్లో ఐదో వంతు, అంటే 6 రోజులు చెడిపోతాయి. మిగతా 24 రోజులు పిల్లి వచ్చినా పని సాఫీగా జరుగుతుంది. పిల్లి రాని 270 రోజుల్లో 54 రోజులు చెడిపోతాయి.

ఏడాది చివర ఆయనకు గుర్తుండేవి ఆ 6 రోజులే. ఆ 24 రోజులను ఎవరూ గుర్తు పెట్టుకోరు, ఎందుకంటే అప్పుడు చెప్పుకోవడానికి కథే లేదు. 54 రోజుల ఖాతా ట్రాఫిక్ మీదికో ప్రభుత్వం మీదికో పోతుంది. పైగా పిల్లిని చూసినవాడు టెన్షన్‌తో బండి నడిపి, వెనక్కి తిరిగి చూసి, ఇంకాస్త ఆలస్యం చేసుకుంటాడు. అప్పుడు ఆ 6 కాస్తా 7 కావచ్చు. దాని కారణం మాత్రం పిల్లి కాళ్లలో లేదు.

"పిల్లి శాపాలకు ఉట్లు తెగవు" అన్న సామెత పుట్టింది కూడా ఈ శకునం చూసే ఇళ్లలోనే.

## నల్ల పిల్లి ఎలా పుడుతుంది

నల్ల పిల్లి వేరే జాతి కాదు. ఒకే కాన్పులో చారల పిల్ల పక్కన నల్లది పుడుతుంది. ఇది అర్థం కావాలంటే ఒక్క వెంట్రుకను దగ్గరగా చూడాలి.

వీధుల్లో తిరిగే చారల పిల్లి వెంట్రుకను వెలుతురులో పట్టుకుంటే దాని మీద పసుపు, నలుపు పట్టీలు వరసగా కనిపిస్తాయి. వెంట్రుక పెరిగేటప్పుడు రంగు తయారీ ఒకసారి నలుపు వైపు, ఒకసారి పసుపు వైపు మారుతూ ఉంటుంది. ఆ మార్పును నడిపేది అగౌటి అనే జన్యువు. ఆ జన్యువులో చిన్న ముక్క ఎగిరిపోయిన రూపం ఒకటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ ఆ చెడిన రూపాలే వస్తే మార్పు ఆగిపోతుంది. వెంట్రుక మొదలు నుంచి కొస దాకా నల్లగానే పెరుగుతుంది. నలుపు అదనంగా వచ్చి చేరిందేమీ లేదు, మధ్యలో రావాల్సిన పసుపు రాలేదంతే.

ఇప్పుడు లెక్క. తల్లి చారలది, తండ్రి చారలది. ఇద్దరిలోనూ ఒక మంచి రూపం, ఒక చెడిన రూపం దాగి ఉన్నాయి. ప్రతి పిల్లకూ నల్లగా పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. అందుకే "తల్లీ తండ్రీ ఇద్దరూ చారలవే, ఇది ఎట్ల నల్లగ పుట్టింది?" అనే ఆశ్చర్యం. తండ్రి నల్లది, తల్లి లోపల ఒక చెడిన రూపం దాచుకున్న చారలది అయితే అవకాశం సగం సగం. రెండూ నల్లవైతే, ఆ పిల్లలకు చారలు రావు. దీనికి తోడు ఆడపిల్లి ఎదలో ఉన్నప్పుడు ఒకటికి మించి గండుపిల్లులతో కలవచ్చు. ఒకే కాన్పులోని పిల్లలకు వేర్వేరు తండ్రులు ఉండటం మామూలే.

నారింజ రంగు కథ వేరు. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అది కచ్చితంగా ఏదో జపాన్, అమెరికా బృందాలు తేల్చి 2025లో ప్రచురించాయి. దాన్ని ఇక్కడ విప్పితే వేరే వ్యాసం అవుతుంది.

నల్ల చిరుతలోనూ నలుపు ఇదే అగౌటి జన్యువులో వచ్చిన మార్పు వల్లే. కబినిలో జీపులు క్యూ కట్టేది, పప్పుల గోదాములో నిద్రపోయేది ఒక రకంగా దూరపు చుట్టాలు.

నల్ల పిల్లిని పొద్దుటి ఎండలో పక్క నుంచి చూస్తే ఇంకో చిత్రం. ముందు కాళ్ల మీద, తోక మీద మసకగా చారలు కనిపిస్తాయి. పిల్లల్లో ఇవి ఇంకా స్పష్టం. చారల నమూనా ప్రతి పిల్లిలోనూ ఉంటుంది, నల్లదానిలో అది నలుపు కింద మునిగి ఉంటుంది. ఎండలో ఎక్కువగా పడుకునే నల్ల పిల్లి బొచ్చు వేసవి చివరికి ఎర్రమట్టి రంగులోకి తిరుగుతుంది. తిండిలో మాంసకృత్తులు సరిగా లేకపోయినా నలుపు ఎరుపెక్కవచ్చు, ఎందుకంటే నల్ల రంగు తయారీకి టైరోసిన్ అనే అమైనో ఆమ్లం కావాలి.

బాంబే క్యాట్ అనే పేరు విని చాలామంది అది మన ముంబైది అనుకుంటారు. 1950లలో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఒక పెంపకందారు బర్మీస్ పిల్లిని అమెరికన్ షార్ట్‌హెయిర్ పిల్లితో కలిపి ఈ జాతిని తయారు చేశారు. చూడటానికి భారతదేశపు నల్ల చిరుతలా ఉందని ఆ పేరు. ఆన్‌లైన్‌లో ఎవరైనా వీధి నల్ల పిల్లను బాంబే క్యాట్ అని వేలల్లో ధర చెబితే, ఈ సంగతి గుర్తుంటే చాలు.

## రంగును బట్టి గుణం, జబ్బు, అలర్జీ మారతాయా

నల్లవి మొండివి, నారింజవి కలుపుగోలువి అని యజమానులు చెబుతుంటారు. సర్వేల్లో కూడా ఇలాంటి అభిప్రాయాలు బయటపడ్డాయి. అయితే ఆ సర్వేలు కొలిచింది ఎక్కువగా మనుషుల అభిప్రాయాన్నే. పిల్లి మనుషులకు ఎంత మచ్చిక అవుతుందో నిర్ణయించే బలమైన అంశం దాని రెండో వారం నుంచి ఏడో వారం దాకా గడిచిన తీరు. ఆ రోజుల్లో మెత్తగా ఎత్తుకుని ఆడించిన పిల్ల చేతికొస్తుంది. అట్టపెట్టెలో మూసేసిన పిల్ల చెయ్యి చూస్తే బుస కొడుతుంది. నల్లదాన్ని ఎవరూ ఎత్తుకోకపోతే, అది మొండిగా తయారైతే, రంగు గుణమే అంత అనుకోవడం తేలిక.

నల్ల పిల్లులకు జబ్బులు తక్కువ అనే మాట కూడా తిరుగుతోంది. దీని వెనుక ఒక శాస్త్రీయ ఊహ ఉంది. పిల్లి కుటుంబంలో నలుపు వేర్వేరు జన్యు మార్పులతో పలుమార్లు పుట్టింది కాబట్టి, అది రోగనిరోధకతకు ఏమైనా తోడ్పడిందా అని 2003 ప్రాంతంలో జన్యు పరిశోధకులు ప్రశ్న వేశారు. ప్రశ్న ఇంకా ప్రశ్నగానే ఉంది. దాన్ని నమ్ముకుని టీకా మానేయడం ప్రమాదం.

అలర్జీది ఇంకో గందరగోళం. పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే ఆయాసం వస్తుందని పెద్దలు చెబుతారు. అలర్జీ నిజమే, ఆస్తమా ఉన్నవాళ్లకు ఇబ్బంది నిజమే. కారణం పిల్లి లాలాజలంలో, చర్మంలో తయారయ్యే ఒక ప్రొటీన్. పిల్లి తనను నాకుకున్నప్పుడు అది బొచ్చుకు అంటుకుని, ఎండి, గాల్లో కలుస్తుంది. నల్లవాటితో అలర్జీ ఎక్కువని ఒక చిన్న అధ్యయనం చెప్పినా తర్వాతి పరిశోధనలు దాన్ని బలపరచలేదు.

ఆశ్రయ కేంద్రాల్లో నల్ల పిల్లులను ఎవరూ తీసుకోరనే మాట మీద అమెరికాలోనే వాదన ఉంది. కొన్ని పరిశీలనల్లో నల్లవి కాస్త ఎక్కువ కాలం ఎదురుచూశాయని తేలింది. మరికొందరు ఇంకో సంగతి చూపిస్తారు. నల్లవి సంఖ్యలోనే ఎక్కువ, కాబట్టి ఎక్కువ దత్తతకు వెళ్లేవీ అవే, ఎక్కువ మిగిలేవీ అవే. వందలో 40 నల్లవి ఉన్న చోట 30 వెళ్లిపోయి 10 మిగిలాయనుకోండి. తెల్లవి 8 ఉండి 6 వెళ్లి 2 మిగిలాయనుకోండి. రెండింటిలోనూ ముప్పావు వంతు వెళ్లాయి. కానీ మూలన కూర్చున్న 10 నల్లవే మన కంటికి ఆనుతాయి.

## నమ్మేవాళ్ల వైపు నుంచి

శకునం పట్టించుకునే వాళ్లందరినీ మూఢులని కొట్టిపారేయడం నాకు ఇష్టం ఉండదు. ఒక నిమిషం ఆగి నీళ్లు తాగితే ఎవరికీ నష్టం లేదు. ఆ నిమిషంలో గ్యాస్ కట్టేశామా, తాళంచెవి ఉందా అని చూసుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లు పిల్లికి చేసే అపకారం ఏమీ లేదు. హేతువాదులు దీనికి జవాబు చెబుతారు. ఆ నిమిషం అలవాటే ఆసుపత్రికి పోయే ఆటోను ఆపుతుంది, పరీక్షకు పోయే పిల్లాడి ధైర్యం చెడగొడుతుంది అని. రెండింటిలోనూ నిజం ఉంది.

గీత ఎక్కడ గీయాలో నాకు స్పష్టంగానే కనిపిస్తుంది. పిల్లి పిల్లలను సంచిలో కట్టి ఊరవతల పారేసే చోట. పాలు మరవని పిల్ల తల్లి లేకుండా బతకడం కష్టం. జంతువు బాధపడే పరిస్థితిలో వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి జరిమానా మాత్రం ఇప్పటికీ 10 రూపాయల నుంచి 50 రూపాయలే. చాయ్ బిస్కెట్ ఖర్చు. చంపడం, విషం పెట్టడం, అవిటిదాన్ని చేయడం మాత్రం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కిందికి రావచ్చు. దానికి ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు.

ఇంకో సంగతి సున్నితమైంది. మన పల్లెల్లో చేతబడి, బాణామతి అనుమానంతో మనుషుల మీదే దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అలాంటి వాతావరణంలో ఒంటరిగా ఉండే ముసలామె ఇంట్లో నల్ల పిల్లి తిరిగితే ఊరు ఏమంటుందో ఊహించడం కష్టం కాదు. పట్నంలో ఫ్లాట్‌లో ఉండి "భయమెందుకు, పెంచుకోండి" అనడం తేలిక. ఇంట్లో పెద్దవాళ్లు గట్టిగా వద్దంటున్నప్పుడు తెచ్చిన పిల్లి గతి కూడా ఇలాంటిదే. తాతకు జ్వరమొచ్చినా, పాలు విరిగినా నింద దాని మీదికే పోతుంది. అలాంటి ఇంట్లో ముందు పెద్దవాళ్లతో మాట్లాడి ఒప్పించుకుని, ఆ తర్వాతే తెచ్చుకోవడం పిల్లికే మేలు.

## రంగుతో పని లేని అసలు సమస్యలు

కిరాయి ఇంట్లో ఉండేవాళ్లకు వచ్చే గొడవ సాధారణంగా వాసనతో, సోఫా మీద గోళ్ల గీతలతో వస్తుంది. గర్భిణి ఉన్న ఇంట్లో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి భయపడతారు, అది సకారణమే. సోకిన పిల్లి మలంలో అది బయటికొస్తుంది. కానీ బయటికొచ్చిన వెంటనే అంటదు. అంటే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. అందుకే మలం ఇసుకను రోజూ ఎత్తేస్తే, అదీ గర్భిణి కాకుండా ఇంకొకరు ఎత్తేస్తే, ప్రమాదం బాగా తగ్గుతుంది. సగం ఉడికిన మాంసం, కడగని కూరగాయల ద్వారా కూడా ఇది సోకుతుందన్నది చాలామందికి తెలియదు.

పెరుగన్నంతో పిల్లి బతుకుతుందనుకోవడం ఇంకో పొరపాటు. కడుపు నిండుతుంది, కానీ టారిన్ అందదు. మాంసంలో, చేపల్లో ఉండే ఈ పదార్థం లేకపోతే పిల్లికి చూపు, గుండె దెబ్బతింటాయి. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. జ్వరమని మనం వేసుకునే పారాసెటమాల్ ముక్క పెడితే ప్రాణమే పోతుంది. దాన్ని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. పిల్లి కరిచినా రక్కినా రేబిస్ అవకాశం ఉంటుంది కాబట్టి దానికి టీకా, మనకు గాటు పడితే డాక్టర్ దగ్గరికి పోవడం తప్పవు.

నల్లదానికి ప్రత్యేకంగా రెండు ఇబ్బందులు ఉన్నాయి, రెండూ వెలుతురుకు సంబంధించినవే. ఉత్తర తెలంగాణలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. రామగుండంవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ముదురు బొచ్చు వేడిని ఎక్కువ పట్టుకుంటుంది. పిల్లి నోరు తెరిచి కుక్కలా రొప్పుతుందంటే వడదెబ్బ దగ్గర్లో ఉన్నట్టు. రాత్రి రోడ్డు మీద డ్రైవర్‌కు నల్ల పిల్లి అసలు కనిపించదు. మెడకు వెలుతురు పడితే మెరిసే పట్టీ, అదీ ఎక్కడైనా చిక్కుకుంటే ఊడిపోయే రకం ఉంటే నయం.

పారేసే పిల్లి పిల్లల సంఖ్య తగ్గాలంటే అసలు పని, పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషనే. పిల్లి రెండు నెలలు, అంటే 63 నుంచి 65 రోజులు మోసి ఈనుతుంది, ఏడాదికి రెండు మూడు కాన్పులు. కాన్పుకు నాలుగు పిల్లల చొప్పున లెక్కేసినా, ఒక్క తల్లి ఏడాదికి 8 నుంచి 12 పిల్లలను పెడుతుంది. అన్నిటికీ ఇళ్లు దొరకవు. ఆడపిల్లి ఐదారు నెలలకే ఎదకొస్తుంది, కాబట్టి అంతకు ముందే చేయించడం మేలని పశువైద్యులు చెబుతారు. వరంగల్ దగ్గర మామునూరులో, జగిత్యాల జిల్లా కోరుట్లలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి, జిల్లా కేంద్రాల్లో పశువైద్యశాలలు ఉన్నాయి. వెళ్లే ముందు ఫోన్ చేసి పిల్లులకు ఏ రోజున ఆపరేషన్ చేస్తారో, ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉంచాలో కనుక్కోవాలి. పిల్లిని ఒళ్లో పెట్టుకుని బండి మీద తీసుకెళ్తే హారన్ మోతకు దూకేస్తుంది. గాలాడే మూత బుట్ట కావాలి.